తూకం ఒకటే, మోసేవారు వేరు

పేరున్న క్రీడాకారుడు మాదకద్రవ్యాల కేసులో ఉన్నాడని తెలియగానే మన ఊళ్లలో వినిపించే మాట ఒకటుంది: "డబ్బున్నవాడు, బయటపడతాడులే." ఈ మాటలో నిజం లేకపోలేదు. కాని జనం దాన్ని లంచంలోనూ పలుకుబడిలోనూ మాత్రమే వెతుకుతారు. చట్టం రాతలోనే ఉన్న తేడా వారి దృష్టికి రాదు.

విజేందర్ సింగ్ ఉదంతం చూడండి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, బాక్సింగ్‌లో మన దేశానికి తొలి ఒలింపిక్ పతకం తెచ్చిన వ్యక్తి ఆయన. 2013 మార్చిలో పంజాబ్ పోలీసులు పెద్ద మొత్తంలో హెరాయిన్ పట్టుకున్న కేసులో ఆయన పేరు వినిపించింది. హెరాయిన్ వాడారని పోలీసులు ఆరోపించారు, ఆయన ఖండించారు. పోలీసులకు రక్తం, వెంట్రుకల నమూనాలు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. చివరకు కేంద్ర క్రీడల శాఖ ఆదేశంపై జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ పరీక్షించి, నిషిద్ధ పదార్థమేదీ లేదని మే నెలలో ప్రకటించింది. నమూనా ఇవ్వనన్నందుకే ఆయనను దోషిగా చూసినవారున్నారు. అది సరికాదు. నేరం రుజువయ్యే వరకు నిర్దోషి అన్న సూత్రం పతకం గెలిచినవారికీ వర్తిస్తుంది. అయితే ఆయనపై పడిన అనుమానం తీర్చడానికి ఒక మంత్రిత్వ శాఖ పూనుకుంది. అదే అనుమానం ఒక కూలీ మీద పడితే పూనుకునేదెవరు?

ఇక చట్టం సంగతి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 2001 సవరణ తర్వాత శిక్ష ప్రధానంగా తూకాన్ని బట్టి ఉంటుంది. గంజాయి కిలో వరకు స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. హెరాయిన్‌కు ఈ హద్దులు 5 గ్రాములు, 250 గ్రాములు. (పరీక్షలో వీటిని తారుమారు చేయకండి.) మొదటిదానికి గరిష్ఠంగా ఏడాది జైలు, రెండోదానికి కనీసం పదేళ్లు, లక్ష రూపాయల జరిమానా. వాడేవారినీ వ్యాపారినీ వేరుచేయాలన్న ఉద్దేశం మంచిదే. మధ్యలో మోసేవాడు మిగిలిపోయాడు. విశాఖ మన్యం గంజాయి సంచి ఒకటి నంద్యాల దాటి కడప రహదారిలో పోతూ ఆళ్లగడ్డ దగ్గర దొరికిందనుకోండి. బరువు 21 కిలోలు. మోసినవాడికి ముట్టేది కొన్ని రోజుల కూలి. సరుకు సొంతదారు అక్కడ ఉండడు. అదే సరుకు కొనుక్కుని వాడే సంపన్నుడి జేబులో దొరికేది గ్రాములే.

సోదాలోనూ ఇంతే. గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు ఉందని నిందితుడికి ముందుగా చెప్పాలంటుంది 50వ సెక్షన్. ఆ రక్షణ ఒంటి సోదాకే గాని చేతిలోని సంచికి వర్తించదని 2005లో పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జేబుకున్న రక్షణ మూటకు లేదన్నమాట!

వాణిజ్య పరిమాణం కేసుల్లో బెయిలుకు 37వ సెక్షన్ అడ్డు. నిందితుడు నిర్దోషి అని నమ్మడానికి సహేతుక కారణాలున్నాయని, బయటికి వస్తే నేరం చేయడని న్యాయస్థానం తృప్తిపడాలి. విచారణ పూర్తికాకముందే అంత చూపించాలంటే పంచనామాను అక్షరం అక్షరం చదివే న్యాయవాది కావాలి. 39ఎ అధికరణం ఉచిత న్యాయసహాయాన్ని ఆదేశిస్తోంది. ఆచరణలో అది చాలాచోట్ల వాయిదాకు హాజరు కావడంతో సరిపోతోంది.

బెయిలు వచ్చినా పూచీకత్తు ఒకటుంది. 1978 నాటి మోతీరామ్ కేసులో నిందితుడు తాపీమేస్త్రీ. పదివేల పూచీకత్తు అడిగి, అన్నదమ్ముడు ముందుకొస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిరస్కరించారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత బాండుపై విడిచిపెట్టమన్నారు. పరాయి రాష్ట్రంలో అరెస్టయిన తెలుగువాడు అక్కడి జామీనుదారును ఎక్కడ తెస్తాడని కూడా అడిగారు. ఆళ్లగడ్డ రాతిపనివారిలో పదివేలు అప్పటికప్పుడు చూపగలిగేవారు ఆనాడు ఎందరుండేవారో ఊహించండి.

2023 మార్చిలో మహమ్మద్ ముస్లిం కేసులో, 37వ సెక్షన్ ఉన్నా, విచారణలో జాప్యాన్ని బట్టి సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. అదీ గంజాయి కేసే. తీర్పును మెచ్చుకోవలసిందే, కాని అప్పటికి అతను జైలులో ఏడేళ్లకు పైగా గడిపాడు. అరెస్టయిన నాడు అతని వయసు 23.