స్థానం తప్పిన పటం: భయానక చలనచిత్రంలో చిత్తరువు

భరతుడు నాట్యశాస్త్రంలో భయానక రసానికి చెప్పిన విభావాలలో వికృతధ్వని, భూతదర్శనం, శూన్యగృహం, అరణ్యగమనం, స్వజనుల వధబంధనాలు ఉన్నాయి. పటం ప్రస్తావన లేదు. అయినా నేటి భయానక చిత్రానికి గోడమీది పటం తప్పనిసరి సామగ్రి అయింది. పటం భయహేతువు కావడానికి కారణం అందులోని రూపమా, లేక ఆ పటం ఉన్న స్థితా అన్నది విచారించదగిన ప్రశ్న.

రూపమే కారణమన్న వాదం నిలవదు. భాగవత దశమస్కంధంలో చిత్రరేఖ గీసిన పటాలు ఉషకు భయం కలిగించవు. కలలోని అనామకుడికి అవి పేరునిస్తాయి, అనిరుద్ధుణ్ణి ఆమె చెంతకు చేరుస్తాయి. అక్కడ పటం రూపాన్ని రూపి దగ్గరకు నడిపిస్తుంది. ఆ దారి మూసుకుపోయినప్పుడే పటం భీకరమవుతుంది.

‘మణిచిత్రతాళు’ (1993) నుండి సాగిన చిత్రపరంపర ఇందుకు నిదర్శనం. మలయాళ మూలంలో నాగవల్లి తమిళం మాట్లాడుతుంది. కన్నడ ‘ఆప్తమిత్ర’ (2004), తమిళ ‘చంద్రముఖి’ (2005) చిత్రాలలో ఆ నర్తకి భాష తెలుగు. అంటే ప్రతిచోటా ఆమె పొరుగుభాషా స్త్రీయే. సొంత నేల నుండి తెచ్చి, ప్రియుడికి దూరం చేసి, చంపిన స్త్రీ ఆమె. ప్రేక్షకుడిని భయపెట్టే ఆ పరాయిభాష నిజానికి ఆమె పోగొట్టుకున్న ఇంటి గుర్తు. భరతుడు చెప్పిన స్వజనవధ ఇక్కడ పటం వెనుక దాగి ఉంది.

పి. వాసు దర్శకత్వంలో వచ్చిన ‘నాగవల్లి’ (2010) ఈ భావాన్ని మరింత ముందుకు తీసుకువెళ్ళగలిగిన చిత్రం. ఇందులో పటమే చేతులు మారుతుంది, నృత్యపోటీలో బహుమతిగా ఒక ఇంట చేరుతుంది. అయితే కథ త్వరలోనే ‘ఆవహించినది ఎవరిని?’ అన్న ప్రశ్నకు పరిమితమవుతుంది. ‘ఈ పటం ఎవరిది, ఎందుకు తిరుగుతోంది?’ అన్న ప్రశ్న అడుగున పడిపోతుంది. పటం కేవలం నెపంగా మిగిలిపోవడం ఈ చిత్రంలోని ప్రధాన లోపం.

స్థానభ్రంశం ఒక్కటే భయానికి చాలదన్న ఆక్షేపణ సమంజసమే. 1514లో ఉదయగిరి దుర్గాన్ని గజపతుల నుండి జయించిన శ్రీకృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, 1515లో కృష్ణాలయంలో ప్రతిష్ఠించాడు. స్థానం తప్పినా ఆ మూర్తి భయహేతువు కాలేదు. కొత్త చోట దానికి ప్రతిష్ఠ, అర్చన, ఉత్సవం దక్కడమే ఇందుకు కారణం. కనుక పటాన్ని భీకరం చేసేది తరలింపు కాదు, తరలింపు తరువాత దానితో మాట్లాడేవారు లేకపోవడం.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల నడుమ, మర్రిపాడు మండలంలోని డి.సి. పల్లి తోలుబొమ్మల కళకు ప్రసిద్ధం. పారదర్శకం చేసిన మేకతోలుపై ఉలితో రంధ్రాలు తొలిచి, రంగులద్ది, తెర వెనుక దీపం వెలుగులో ఆడించే తోలుబొమ్మ ఒక విధంగా కదిలే పటమే. రంగనాథ రామాయణ ద్విపద, కేతిగాడి హాస్యం దానికి ఊపిరి. నేడు అదే రంగుల తోలు దీపాల తొడుగుగా, గోడ అలంకారంగా అమ్ముడుపోతున్నది. వెలుగు ఉంది, రంగు ఉంది, పాట లేదు. కళాకారుల జీవనానికి ఈ మార్పు అవసరమే కావచ్చు. కానీ గొంతు కోల్పోయిన రావణుడు ఒక పరాయి గదిలో రాత్రంతా వెలుగుతూ ఉండడంలో ఏ ప్రేతకథకూ తీసిపోని విషాదం ఉంది.

ప్రయోగాత్మక భయానక లఘుచిత్రానికి తెలుగునాట దొరికే వస్తువు ఇదే. నిడివి తక్కువ కనుక ఉపకథలు, వైద్యనిర్ధారణలు, తాంత్రికక్రియలు అక్కరలేదు. ఒక పటం, దాని వెనుక దీపం, ఆగిపోయిన పాట చాలు. పటంలోని స్త్రీని ప్రేతంగా చూపి బంధించే ముగింపునకు బదులు, ఆమె ఏ ఊరిదో, ఏ భాషదో అడిగే ముగింపును తెలుగు చిత్రం ఎంచుకొన్న నాడు భయానకం కరుణకు దారి ఇస్తుంది.