బాలింత మంచం చుట్టూ

మన కథల్లో పురుడు తరచుగా ఒక ముగింపు. లోపలి గదిలోంచి బిడ్డ ఏడుపు వినిపిస్తుంది, బయట పచార్లు చేస్తున్న తండ్రి మొహం విప్పారుతుంది, కథ అయిపోతుంది. లేదా మరుసటి పేజీలో ఆ బిడ్డ పలకా బలపం పట్టుకుని బడికి పోతుంటాడు. ఈ రెంటికీ మధ్య బాలింత మంచం మీద గడిచిన రోజులు నేను చదివిన కథల్లో చాలావాటిలో లేవు. ఇది చిన్న లోటని సరిపెట్టుకోలేం. ఒక మనిషి మీద తీర్పు చెప్పే అధికారాన్ని సమాజం అంత బాహాటంగా, అంత ప్రేమ పేరుతో చెలాయించే సందర్భాలు తక్కువ. అలాంటి సందర్భాన్ని మన వాస్తవికవాదం పట్టించుకోలేదు.

ఆ గదిలో జరిగేది పాఠకులకు తెలియనిది కాదు. చూడవచ్చిన ప్రతివారూ మొదట అడిగేది "పాలు పడ్డాయా అమ్మా?" అని. నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట జారుతుందని ఒకరు, తాగకపోతే పాలు పడవని ఇంకొకరు. చెవిలో దూది తీసేస్తే తప్పు. ఏడ్చే బిడ్డను ఎత్తుకుంటే అలవాటు చేసిందంటారు, ఎత్తుకోకపోతే కడుపుతీపి లేదంటారు. సలహాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, దోషి మాత్రం ఎప్పుడూ ఒక్కతే. బిడ్డ చిక్కితే తల్లి పాలు మంచివి కావు. బొద్దుగా ఉంటే అది తండ్రి పోలిక.

ఈ మాటల వెనకున్న భౌతిక పునాదిని విమర్శకుడు చూడాలి. "నొప్పులు పడకుండా కన్నావు, నీకేం తెలుసు?" అనే ఎత్తిపొడుపు ఈనాటి తల్లులెందరో పడుతున్నదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్‌తో జరిగాయి. తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది 44.5 శాతం కాగా, ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5. ఇంత తేడా స్త్రీల ఓర్పులో ఉన్న తేడా వల్ల వచ్చిందని ఎవరూ అనలేరు. నిర్ణయంలో వైద్య వ్యాపారానికీ, ముహూర్తం చూసుకునే కుటుంబానికీ భాగముంది. నింద మాత్రం ఆమెది. ప్రసూతి సెలవు సంగతీ అంతే. 2017 సవరణతో చట్టం 26 వారాల సెలవిచ్చింది. పొలంలో కూలి చేసే తల్లికీ, ఇళ్ళలో పాచిపని చేసే తల్లికీ ఆ సెలవు అందలేదు. ఆరు నెలలు తల్లిపాలే పట్టాలన్న బోధ మాత్రం అందరికీ అందింది. మంచి మాటే. కాని మూడో నెలలోనే కూలికి పోక తప్పని తల్లి చెవికి అది నేరారోపణగా వినపడుతుంది. సమాజం తాను చేయవలసింది చేయకుండా, ఆ బరువును నీతిబోధగా మార్చి ఒక స్త్రీ నెత్తిన పెడుతోంది.

ఈ వస్తువును తాకిన కథలు కొన్ని లేకపోలేదు. అవి గయ్యాళి అత్తను నిలబెట్టి, ఆమె మూఢనమ్మకాన్ని డాక్టరు చేత ఓడించి తృప్తిపడతాయి. ముర్రుపాలు పిండి పారబొయ్యమనే పెద్దామెది తప్పే; బిడ్డకు తొలి రక్షణ ఆ పాలే. అయితే నూనె మర్దన చేసి, వేణ్ణీళ్ళు పోసి, బాలింతను పని ముట్టనివ్వకుండా పడుకోబెట్టిందీ ఆ చేతులే. బతుకంతా ఏ విషయంలోనూ మాట చెల్లని ఆమెకు పురిటిగది ఒక్కటే మాట చెల్లిన చోటు. ఆ పెత్తనాన్ని ఆమె ఎందుకంత గట్టిగా పట్టుకుందో చెప్పని కథ ఆమెను దుష్టపాత్రగా వాడుకున్నదే తప్ప అర్థం చేసుకోలేదు. పైగా ఈ కథల్లో డాక్టరు సైతం మాట్లాడేది భర్తతోనే. బాలింతను అడిగేవారు ఇంకా రాలేదు.

మనకు ఒరవడి లేదని కాదు. స్త్రీల రామాయణపు పాటలు కౌసల్య పురిటినొప్పుల్ని దాచలేదు. చలం 'బిడ్డల శిక్షణ'లో పెద్దల పెత్తనాన్ని బిడ్డ పక్షాన నిలబడి ప్రశ్నించాడు. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' కవిత ప్రసవం మీద కప్పిన పవిత్రత ముసుగును లాగేసింది. ఆ గదిలోంచి తల్లి ఇంటికి వచ్చాక జరిగే కథను వచనం అందుకోవలసి ఉంది.

ఇటువంటి కథ రాసే మిత్రులకూ, చదివే విద్యార్థులకూ నాదొక సూచన. ఆ గదిలో ఎవరెన్ని మాటలు మాట్లాడారో లెక్కపెట్టండి. అందరూ మాట్లాడి, బాలింత కన్నీళ్ళు మాత్రమే కారిస్తే, రచయిత కూడా చూడవచ్చినవారిలో ఒకడై కూర్చున్నట్టే. ఆమెకు బిడ్డ మీద మమకారంతోపాటు విసుగూ ఉంటుంది, భయమూ ఉంటుంది. పైకి అంటే రాక్షసి అంటారని అనదు. ఆ మాటను ఆమె నోట పలికించాలి. ఆ రాత్రి బిడ్డ గుడ్డలు ఎవరు ఉతికారో, మర్నాడు కూలి ఎవరు తెచ్చారో కూడా కథలో తేలాలి. అప్పుడు గాని తీర్పు చెప్పినవాళ్ళు పాఠకుడి ముందు జవాబుదారులు కారు.