పరాయి చెట్టు మీద పంచాయితీ

ఈ కాలమ్ పాత పాఠకులకి నా పాట తెలిసిందే: ఎక్కడి చెట్టు అక్కడే బాగు. అందుకే ఈ వారం మా నర్సీపట్నంలో ఒక లేఅవుట్ ముందు కోనోకార్పస్ అనే పరాయి చెట్ల వరసని కొట్టేస్తుంటే తృప్తిగా నిలబడి చూశాను. ఒక కొమ్మ తీసుకోబోతే కత్తి పట్టుకున్న కుర్రాడు ఆపాడు. “ఏటి మేస్టారూ, ఆకులేరుతున్నారు? ముట్టుకుంటే ఆయాసం వస్తాదంట!”

అయినా ఆ కొమ్మ తెచ్చి భూతద్దం పెట్టాను. ఆకు మొదట్లో, కాడకి అటూ ఇటూ రెండు బుడిపెలు. ఉప్పు గ్రంథులు! ఫ్లోరిడా నుంచి బ్రెజిల్ దాకా, మళ్లీ సముద్రం దాటి పడమటి ఆఫ్రికా తీరాన పెరిగే చెట్టిది. మడ అడవికి గట్టు వైపు, పోటు నీళ్లు ఎప్పుడో గానీ అందని మెరకన ఉంటుంది.

పోటు అనగానే కోరింగ మడ అడవి గుర్తొస్తుంది నాకు. తాళ్లరేవు దాటాక చెక్క వంతెన మీద నడుస్తుంటే కింద బురదలోంచి మడ చెట్ల ఊపిరి వేళ్లు మేకుల్లా నిలబడి ఉంటాయి. ఆకు నాలిక మీద పెట్టుకుంటే ఉప్పన. “తిల్ల చెట్టు జోలికి మాత్రం పోకండి బాబూ, పాలు కంట్లో పడితే చూపు పోద్ది” అన్నాడు పడవతను. అంత పొగరుబోతు చెట్టునీ ఎవరూ నిషేధించలేదు, పైగా అది పెరిగే అడవిని 1978లో అభయారణ్యం చేసి కాపాడుకుంటున్నాం. 1839 తుపాను కోరింగ రేవుని తుడిచిపెట్టిన సంగతి తెలిసినవాళ్లకి గాలికీ అలకీ అడ్డుపడే ఆ మడ విలువ చెప్పక్కర్లేదు. ఆ మడ కూడా మన ఒక్కరిదే కాదు. ఎర్రసముద్రం నుంచి ఆస్ట్రేలియా దాకా దాని చుట్టాలే.

కోనోకార్పస్‌కి ఇక్కడ చుట్టాలు లేరా? మన మద్ది, కరక, తాని దాని కుటుంబమే. ఇక పరాయిదంటారా, చింతపల్లి కొండల మీద కాఫీ ఇథియోపియాది, దానికి నీడపట్టే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియాది. ఆ కాఫీ తాగుతూనే కదా నేనిన్నాళ్లూ ఇలా రాసింది!

2023లో గుజరాత్ ఈ కోనోకార్పస్‌ని నిషేధించింది. సరే, కొత్తగా నాటొద్దు. మైళ్ల కొద్దీ ఒకే చెట్టు నాటిన బుద్ధిని తిట్టండి, ఒప్పుకుంటాను. కానీ ఎండాకాలం ముందు ఉన్న నీడని నరకడమేమిటి? నరికినా మోడు చిగురిస్తుంది, మళ్లీ కూలీ దండగ. మధ్యమధ్య కానుగ, నేరేడు పెట్టి, అవి ఎదిగాక దీన్ని తియ్యమని లేఅవుట్ వాళ్లకి చెప్పాను. “కానుగని మేకలు తినేస్తే?” అన్నారు. కంచె కట్టండి మరి.