గ్యాస్ అనుకున్న గంటలు

ఛాతీ నొప్పి అనేది జబ్బు పేరు కాదు, మనిషి ఆసుపత్రి గుమ్మం దగ్గర చెప్పుకునే బాధ పేరు. ఆ ఒక్క మాట కింద, గుండెకు రక్తం అందించే ధమని మూసుకుపోయి వచ్చే గుండెపోటు మొదలుకొని, ఊపిరితిత్తిలో రక్తపు గడ్డ అడ్డుపడటం, పక్కటెముకల కండరం పట్టేయడం, పుల్లతేన్పులు, ఉత్త దిగులు దాకా ఎన్నో సంగతులు ఇమిడి ఉంటాయి గనుక, అత్యవసర విభాగంలో పనిచేసేవారి విద్య అంతా వాటిలో ప్రాణం తీసేదాన్ని ముందు పట్టుకుని మిగిలినవాటిని తర్వాత తీరిగ్గా చూడటంలో ఉంటుంది. ఇందుకు వారి చేతిలో ప్రధానంగా ఉన్నవి మూడు: రోగి మాట, గుండె విద్యుత్తును గీతలుగా గీసే ఇసిజి, రక్తంలో ట్రోపోనిన్ పరీక్ష. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే ప్రోటీను ట్రోపోనిన్. అది పరీక్షకు దొరికేంతగా పెరగడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. రోగి వచ్చిన పది నిమిషాల్లోపే ఇసిజి తీయాలన్నది నియమమే అయినా, మొదటి కాగితం మామూలుగా కనిపించినంత మాత్రాన గుండెపోటు లేదని తేల్చడానికి వీల్లేదు. కాబట్టి తొలి నిమిషాల్లో పెత్తనమంతా మాటదే.

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో ఈ మాట సంగతి మరింత చిక్కుగా ఉంటుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చి ఇక్కడి రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డారు. ఆ కుటుంబాలు తరతరాలుగా ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, బజారులో హిందీ, పొరుగువారితో బెంగాలీ, దరఖాస్తు మీద ఇంగ్లీషు వాడుతూ వచ్చాయి. నొప్పి మాత్రం ఇంటి భాషలోనే వస్తుంది. పాతతరం ముసలమ్మ రొమ్ము బరువుగా ఉందంటుంది, ఆమె కొడుకు ఛాతీ పట్టేసిందంటాడు, ఇద్దరిలో ఎవరైనా గుండెల్లో మంట అన్నారంటే అది గుండె గురించి కాక కడుపులోని ఆమ్లం పైకి తన్నడం గురించి కావడమే ఎక్కువ. గుండె జారిందనీ గుండె చెరువైందనీ చెప్పుకునే భాషలో గుండె అవయవం కంటే ముందు భయానికీ దుఃఖానికీ నివాసం. బెంగాలీ వైద్యుడు ‘బుకే బ్యథా?’ అని అడిగి, తోడు వచ్చిన మనవడు దాన్ని హిందీలో అర్థం చేసుకుని, తెలుగులో తాతను అడిగి, జవాబును మళ్లీ హిందీలో అప్పజెప్పేసరికి బరువు, బిగుతు, మంట, పోటు అన్న తేడాలన్నీ అరిగిపోయి ‘సీనే మే దర్ద్’ ఒక్కటే మిగులుతుంది. వైద్యానికి పనికొచ్చేవి ఆ అరిగిపోయిన తేడాలే.

ఇన్ని భాషల వంతెనలు దాటినా చెక్కుచెదరని మాట ఒకటుంది: గ్యాస్. బెంగాలీలో దానికి అంబల్ అనే జంట కూడా ఉంది. కడుపులో పులుపు అని దాని అర్థం. తెలుగు చెవికి అది అంబలిలా వినిపించడం వేరే ముచ్చట. క్వార్టరులో గ్యాస్ అనే తీర్పు వెలువడటానికి ఒక క్రమం ఉంటుంది. ముందు చిటికెడు వాము ఉప్పుతో నమిలిస్తారు, తగ్గకపోతే గ్లాసు నీళ్లలో ఈనో పొడి పొంగించి తాగిస్తారు, వీపు నిమురుతారు, తేన్పు వచ్చిందంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ తేన్పు నమ్మదగిన సాక్షి కాదు. గుండె అడుగుభాగం కేవలం ఉదరవితానమనే పలుచని కండరపు పొర అడ్డుగా పొట్ట పైభాగానికి ఆనుకుని ఉంటుంది గనుక, ఆ భాగానికి రక్తం అందనప్పుడు వాంతి, వికారం, కడుపు ఉబ్బరం, తేన్పులు ముందుకు వచ్చి అసలు సంగతిని కప్పేస్తాయి. మధుమేహం ఉన్నవారిలోనూ, స్త్రీలలోనూ, వయసు మళ్లినవారిలోనూ నొప్పే లేకుండా ఆయాసం, చెమట, నీరసం మాత్రమే కనిపించడం కద్దు.

మహమ్మారి ఈ ఇంటి తీర్పుకు మరింత బలం ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొన్న తరువాత కొద్ది రోజులకే, మార్చి 22 అర్ధరాత్రి నుంచి ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయి, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ అమలైంది. హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉండి, పెద్ద వైద్యం కోసం అటు పోయే లోకల్ బండి మీద ఆధారపడిన ఊరికి రైలు లేకపోవడమంటే దూరం ఒక్కసారిగా పెరగడమే. బెంగాల్‌లో లోకల్ రైళ్లు తిరిగి నడిచింది నవంబరు 11న. ఆసుపత్రుల గుమ్మం దగ్గరా క్రమం మారింది. అత్యవసర విభాగంలో ఎవరిని ముందు చూడాలో తేల్చే వడపోతను ట్రయాజ్ అంటారు. అక్కడ సహజంగా మొదట అడగవలసిన ప్రశ్న ‘ఏం బాధ?’ అయితే, ఆ నెలల్లో దాని స్థానంలోకి ‘జ్వరం ఉందా, దగ్గు ఉందా?’ అన్న ప్రశ్న వచ్చి కూర్చుంది. ఆయాసం అన్నారంటే వేరే వరసలో నిలబెడతారనీ, వార్డులో ఒంటరిగా ఉంచుతారనీ, ఇంటికి క్వారంటైన్ చీటీ అంటిస్తారనీ భయం ఉన్నప్పుడు ఆ ఆయాసాన్ని మింగేసి గ్యాస్ అని సరిపెట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. కోవిడ్ కూడా ఊపిరితిత్తుల్లో గడ్డలనూ గుండె కండరపు వాపునూ కలిగించగలదు కాబట్టి ఆ భయం పూర్తిగా తెలివితక్కువదీ కాదు.

అంకెలు ఈ సంగతినే చెబుతాయి. ఇటలీలో 2020 మార్చి 12 నుంచి లెక్కించిన ఒక్క వారంలో గుండెపోటుతో ఆసుపత్రుల్లో చేరినవారు అంతకు ముందు ఏడాది అదే వారంతో పోలిస్తే 48.4 శాతం తగ్గగా, ధమని పూర్తిగా మూసుకుపోయే రకం గుండెపోటుతో చేరినవారిలో మరణాల పాలు 4.1 శాతం నుంచి 13.7 శాతానికి పెరిగింది. అమెరికాలో అత్యవసర పరిస్థితి ప్రకటించాక పది వారాల్లో గుండెపోటుతో అత్యవసర విభాగాలకు వచ్చినవారు 23 శాతం తగ్గారు. భారతదేశంలో 187 ఆసుపత్రులను కలిపి హృద్రోగ నిపుణులు చేసిన లెక్కలో ఆ మార్చి నడుమ నుంచి జూన్ నడుమ వరకు గుండెపోటు చేరికలు 35.4 శాతం తక్కువ. గుండెపోట్లే తగ్గాయని వాదించినవారూ లేకపోలేదు. కాలుష్యం తగ్గింది, పరుగు తగ్గింది, బయటి తిండి తగ్గింది అన్నారు. అందులో కొంత నిజం ఉన్నా, ఇటలీ మరణాల పాలు మూడింతలు దాటిన తరువాత ఆ వాదన మీద పెద్దగా భారం మోపడం కుదరదు.

వీటన్నిటికంటే ఆలోచింపజేసే అంకె హాంకాంగ్‌ది. అక్కడ నొప్పి మొదలైనప్పటి నుంచి వైద్యుణ్ణి చేరుకునేదాకా పట్టే మధ్యస్థ కాలం, అంటే సగం మందికి అంతకంటే తక్కువా సగం మందికి ఎక్కువా పట్టే కాలం, మునుపటి ఏడాది 82.5 నిమిషాలు ఉండగా, మహమ్మారి తొలి రోజుల్లో 318 నిమిషాలైంది. అప్పటి రోగులు ఏడుగురే గనుక ఆ అంకెను జాగ్రత్తగానే పట్టుకోవాలి. అయినా లోకమంతా దాన్ని చూసి ఉలిక్కిపడింది. మన దేశంలో 89 కేంద్రాల్లో ఇరవై వేల పైచిలుకు రోగులను చూసి 2008లో ప్రచురించిన క్రియేట్ అనే అధ్యయనం ప్రకారం, నొప్పి మొదలైనప్పటి నుంచి ఆసుపత్రికి చేరేదాకా మధ్యస్థ కాలం 360 నిమిషాలు. కొలిచిన తీరులో చిన్న తేడాలుండవచ్చు గాని, హాంకాంగ్‌కు విపత్తులో పట్టినంత ఆలస్యం మనకు మామూలు రోజుల్లోనే ఉండేదన్నది దీని సారాంశం. వాముతోనూ ఈనోతోనూ గడిచే పొద్దుకు మహమ్మారి పేరు పెట్టుకునే వీలు దొరికిందే తప్ప, ఆ పొద్దు కొత్తది కాదు. ధమనిలోని రక్తపు గడ్డను కరిగించే మందు మొదటి గంటలో పడితే ప్రతి వెయ్యి మందిలో సుమారు 65 ప్రాణాలు అదనంగా నిలుస్తాయనీ, రెండో గంటలో ఆ సంఖ్య 37కు పడిపోతుందనీ 1996 నుంచీ తెలుసు. తీగలాంటి సన్నని గొట్టంతో ధమనిని తెరిచే కాత్ ల్యాబ్‌లో సిబ్బందికి వైరస్ సోకుతుందన్న భయంతో చైనాలోనూ మన దేశంలోనూ నిపుణుల సంఘాలు ఆ కాలంలో ఇలాంటి మందుకే ముందు పీట వేశాయి. గంటలు గడిచాక వచ్చినవారికి ఆ మందు వల్ల మేలు బాగా తగ్గిపోతుంది.

ఖరగ్‌పూర్‌కే ప్రత్యేకమైన మరో కోణం ఉంది. దీన్ని ఊహగానే తీసుకోవాలి. 1768లో లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్ ఒక రకం ఛాతీ నొప్పిని వర్ణిస్తూ, అది నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా భోజనం చేసి ఎత్తు ఎక్కుతున్నప్పుడు వచ్చి, నిలబడగానే మాయమవుతుందని గుర్తించాడు. దాన్నే యాంజైనా అంటున్నారు. ధమని సన్నబడుతోందని శరీరం ముందుగా పంపే నోటీసు అది. ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదిగా పేరుపొందిన 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం ఉన్న ఊళ్లో, సంచీ పట్టుకుని ఆ చివర బోగీ దాకా నడవడం కంటే మెరుగైన యాంజైనా పరీక్ష ఏముంటుంది? ఏడెనిమిది నెలలు బండీ లేక, నడకా లేక, అరవై దాటిన రిటైర్డ్ ఉద్యోగులు క్వార్టరు వరండాకే పరిమితమైనప్పుడు ఆ నోటీసు అందే దారే మూసుకుపోయింది. అందవలసిన హెచ్చరిక అందక, నేరుగా పోటే వచ్చి ఉండవచ్చు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారు చాలాకాలంగా అడుగుతున్నది అది, దక్కవలసినదే. హోదా అర్జీలకూ బోర్డులకూ చేరుతుంది. రాత్రి రెండింటికి క్యాజువాలిటీ బల్ల మీద రొమ్ము బరువన్న మాటను పట్టుకోవడానికి మనిషే కావాలి. భాష రాని చోట చేతిని చూడటం పాత వైద్యుల అలవాటు. నొప్పి ఎక్కడ అని అడిగితే ఒక్క వేలితో ఒక్క చోటు చూపించేవారికి గుండెపోటు తక్కువనీ, పిడికిలి బిగించి రొమ్ము నడుమ ఆనించేవారిని వెంటనే పడుకోబెట్టాలనీ చెప్పుకుంటారు; ఆ పిడికిలి గుర్తుకు అమెరికా వైద్యుడు శామ్యూల్ లెవిన్ పేరే ఉంది. పిడికిలి పూర్తి రుజువు కాకపోయినా దానికి అనువాదం అక్కర్లేదు. మహమ్మారి రోజుల్లో మాస్కుతో సగం ముఖం కప్పి, కళ్లద్దాల లోపల ఆవిరి పట్టి, రెండు పొరల తొడుగుల్లో చెమట కారుతున్న చేతులతో కాళ్లకూ చేతులకూ నాలుగు క్లిప్పులు, ఛాతీ మీద జెల్లు రాసి ఆరు రబ్బరు బుడ్లు అతికించి, ఒక్కొక్క బుడ్డీ జారిపోతుంటే మళ్లీ నొక్కుతూ ఇసిజి తీసిన టెక్నీషియన్‌కు, రోగి ముఖం కనిపించకపోయినా ఆ పిడికిలి కనిపించేది.

ఇసిజి కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున బయటికి వస్తుంది. దాని మీద కలంతో రాయవలసినవి రెండు సమయాలు: కాగితం తీసిన వేళ, నొప్పి మొదలైన వేళ. మొదటిది గోడ గడియారం చెబుతుంది. రెండోదానికి రైల్వే ఇళ్లలో గడియారం డ్యూటీ, లేకపోతే బండి; నైట్ డ్యూటీ దిగాక అనో, ఫలానా లోకల్ పోయాక అనో జవాబు వస్తుంది. లోకల్ లేని ఆ నెలల్లో ఆ జవాబు రాబట్టడానికి ఇంకొక ప్రశ్న వేయవలసి ఉండేది: మొదటి వాము నమిలింది టిఫిన్ తిన్నాకా, తినకముందా?