గొంతు ఉంది, చదవడానికి అక్షరమే లేదు

చూపు లేనివాళ్ళు కంప్యూటర్ వాడాలంటే బోలెడు ఖర్చు అని చాలామంది అనుకుంటారు. విండోస్ కంప్యూటర్ ఒకటి ఉంటే చాలు, ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తుంది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ దీన్ని మొదలుపెట్టారు, జేమ్స్ టే తోడయ్యారు. ఇద్దరూ చూపు లేనివారే. తమలాంటివాళ్ళు డబ్బు లేక ఆగిపోకూడదని ఉచితంగా ఇస్తున్నారు. దానితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది.

నేను విని చూశాను. మరమనిషి మాట్లాడినట్టు ఉంది, విరుపులు సరిగ్గా లేవు. అయినా అలవాటైతే పాఠం అర్థమవుతుంది. అందుకే నా విమర్శ దాని మీద కాదు, మనం తెలుగు టైపు చేసే పద్ధతి మీద.

మన పుస్తకాలు, కరపత్రాలు ఎన్నో ఇప్పటికీ పాత డీటీపీ ఫాంట్లలోనే తయారవుతున్నాయి. కంటికి ‘అమ్మ’ అని కనిపించినా, ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఆ గొంతు వాటినే చదువుతుంది, ఒక్క ముక్క అర్థం కాదు. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపే నోటీసులో అయితే దానికి అక్షరమే దొరకదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. ఉచిత ఫాంట్లూ ఉన్నాయి.

త్యాగయ్య మన తిరువొత్తియూరు త్రిపురసుందరి అమ్మవారి మీద తెలుగులో కృతులు పాడారు. చూపు లేని తోటి విద్యార్థి వాటిని తనంతట తాను చదువుకోవాలంటే అవి యూనికోడ్‌లో ఉండాలి. మరి టీచర్లూ, అమ్మానాన్నలూ, ఈ పత్రికతోనే మొదలుపెడదామా?