ఖాళీల లెక్క

సైమన్ వాన్‌డెర్‌మీర్ 1984 నోబెల్ ఉపన్యాసాన్ని సాహిత్య పత్రికలో సమీక్షించడం ఏంటని అనిపించొచ్చు. స్టొకాస్టిక్ కూలింగ్, యాంటీప్రోటాన్లు, మధ్యమధ్య సమీకరణాలు. కానీ ఒక ఆలోచనని ఇంత పొదుపుగా చెప్పిన వచనం ఈ మధ్య నేను చదవలేదు.

సింక్రోట్రాన్ అనగానే మనకి చెప్పే కథ ఎప్పుడూ ఒకటే: రింగు ఎంత పెద్దది, ఎనర్జీ ఎంత. కణాల గుంపు ఆ ఎనర్జీకి చేరేసరికి ఏ స్థితిలో ఉందో ఎవరూ అడగరు. దాన్ని చెప్పే కొలత ఎమిటెన్స్. కణాలు ఎంత మేర చెదిరి ఉన్నాయి, వాటి దిశల్లో ఎంత తేడా ఉంది అన్న రెండింటి ఉమ్మడి లెక్క అది. ఎనర్జీ పెరిగేకొద్దీ బీమ్ సన్నబడే మాట నిజమే. కానీ అది ముందుకుపోయే ద్రవ్యవేగం పెరగడం వల్ల వచ్చిన సన్నదనం. ఆ మేరకు సవరించి చూస్తే ఎమిటెన్స్ ఏమీ తగ్గలేదు. పెరగకుండా చూసుకోవడమే గొప్ప.

అదంత తేలిక కాదు. ఒక రింగు నుంచి ఇంకో రింగులోకి పంపేటప్పుడు బీమ్ ఆకారం కొత్త రింగుకి కుదరకపోతే చాలు. కణాలన్నీ ఒకే లయలో ఊగవు కాబట్టి, డికాక్షన్‌లో పోసిన పాలు సుడులు తిరిగినట్టు గుంపు మెలికలు తిరిగి, తనలోకి ఖాళీని కలుపుకుంటుంది. ల్యూవిల్ సిద్ధాంతం ప్రకారం కణాలు ఆక్రమించిన అసలు చోటు పెరగలేదు. అయినా బీమ్ పలచబడింది.

వాన్‌డెర్‌మీర్ పట్టుకున్నది ఇలాంటి ఖాళీనే. బీమ్ నిండు ద్రవం కాదు, విడివిడి చుక్కలు. ఒక్కో చుక్కనీ లోపలికి జరిపితే ఖాళీ బయటికి పోతుంది. ఆయన ల్యూవిల్‌ని ఎదిరించలేదు, ఆ సిద్ధాంతం అడ్డుపడని సందు చూపించాడు. 1968 నాటి ఈ ఆలోచన మరీ అతిగా ఉందనిపించి, 1972 దాకా బయటపెట్టలేదు.

నా అసంతృప్తి ఒకటే. పేరుకు తగ్గట్టే ఉపన్యాసం దృష్టంతా యాంటీప్రోటాన్లని కూడబెట్టడం మీదే. సెర్న్‌లో 3.5 జీఈవీ దగ్గర పోగైన ఆ కణాలు పీఎస్ రింగులో 26కి, ఎస్‌పీఎస్‌లో 270కి చేరాలి. గంటల తరబడి కూడబెట్టిన సాంద్రత ఒక్క పొరపాటుతో పోవచ్చు. 1983లో డబ్ల్యూ, జెడ్ కణాలు దొరకడం వెనక, ఆ దారిలో బీమ్‌ని చెడనివ్వనివాళ్ళ పని కూడా ఉంది. వాళ్ళ గురించి ఇంత శ్రద్ధగా రాసిన వచనం కోసం ఇంకా వెతుకుతున్నాను.