డప్పుకూ ఓ ముద్ర కావాలి

నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న భక్త రామదాసుగా జనం నోట నిలిచాడంటే, పాట చివర తన పేరు కట్టుకోవడం అందుకొక కారణం. గోల్కొండ చెరసాల ఆయన్ని బంధించగలిగిందే తప్ప ఆ ముద్రను చెరపలేకపోయింది. ర్యాపర్లదీ అదే ఆనవాయితీ. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో నల్లజాతి యువత మొదలుపెట్టిన హిప్-హాప్‌లో పాడేవాళ్లు తమ పేరూ, తమ పేట పేరూ చాటుకుంటారు. తమను లెక్కచేయని నగరానికి ‘మేమున్నాం’ అని వినిపించడమే జాత్యహంకారంపై వాళ్ల మొదటి తిరుగుబాటు. ఆ సంగీతం తెలుగులోకి బీటుతో, వేషంతో వచ్చింది. ఇక్కడ అది తలపడాల్సింది కులంతో. ఆ పని ఇంకా మిగిలే ఉంది.

తెలుగు ర్యాప్‌కు ఊపు కావాలంటే చాలాసార్లు తీన్మార్ దెబ్బే దిక్కు. ఆ దెబ్బ వెనుక మంట దగ్గర కాచి బిగువెక్కించిన తోలుంది, ఒక చేతిలో సిర్ర, రెండో చేతిలో చిటికెన పుల్ల ఉన్నాయి, తరతరాలుగా వాటిని మోసిన మాదిగవాడ ఉంది. పాట కింద గాయకుడి పేరు, సంగీత దర్శకుడి పేరు పడతాయి. డప్పు కొట్టిన మనిషి పేరు తరచూ పడదు. పేరున్న కళాకారుడికీ ఈ గతి తప్పలేదు. తమిళంలో ‘ఎంజాయి ఎంజామి’ రాసి, ధీతో కలిసి పాడిన దళిత ర్యాపర్ అరివుకు 2021లో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రంపై చోటు దక్కలేదు. ధీకి దక్కింది. విమర్శలు వచ్చాకే అరివుతో విడిగా మరో ముఖచిత్రం వేశారు.

కళకు కులమేమిటి, బరాత్‌లో అందరూ కలిసి ఆడుతున్నారు కదా అంటారు. ఆడేవాళ్లు అందరూ అయినప్పుడు, కొట్టేవాళ్లు ఎప్పుడూ ఒకే వాడ నుంచి ఎందుకొస్తున్నారో కూడా చెప్పాలి. ఇంతకన్నా బరువైన అభ్యంతరం దళితుల నుంచే ఉంది: చావులకూ చాటింపులకూ వెట్టిగా కొట్టించిన డప్పును మళ్లీ వాళ్ల మెడకే తగిలిస్తారా అని. న్యాయమైన ప్రశ్న. డప్పు దించేసే హక్కు వాళ్లదే. 1994లో మొదలైన మాదిగ దండోరా అదే డప్పును ఆత్మగౌరవ జెండాగా ఎత్తుకుంది, ఆ హక్కూ వాళ్లదే. దించాలో ఎత్తాలో తేల్చుకునే అధికారం మాత్రం స్టూడియోకు లేదు.

మణుగూరు దగ్గరి కూనవరంలో సమ్మక్క సారలమ్మల కథ పాడిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యను 2022లో పద్మశ్రీ పేరుపెట్టి పిలిచింది. అడవి అంచున ఉన్న గొంతును ప్రభుత్వం గుర్తించగలిగినప్పుడు, ఎదురుగా కూర్చుని వాయించిన మనిషి పేరు రాయడం మ్యూజిక్ కంపెనీకి కష్టమేమీ కాదు. ఆ పేరు, దానితోపాటు రాబడిలో వాటా పాట పాటకూ దక్కాలి. హిప్-హాప్‌ను మనదని చెప్పుకునే ర్యాపర్లు ఒప్పందంపై సంతకం పెట్టేముందే ఈ రెండూ అడగాలి.